పట్టా ఉంది సరే, జోన్ ఏది? ఇల్లు కట్టే ముందు దళితవాడ అడగాల్సిన ప్రశ్నలు

ఇల్లు కూల్చేస్తామని నోటీసు వచ్చిందంటూ మాకు ఫోన్ చేసేవాళ్లు మొదట చెప్పే మాట దాదాపు ఒకటే: "మాకు పట్టా ఉందండీ." ట్రంకు పెట్టెలో, పాలిథిన్ కవర్లో, నాలుగు మడతల్లో దాచుకున్న కాగితం అది. మీద తాత పేరు, సర్వే నంబరు, తహసీల్దారు ముద్ర. ముప్పై నలభై ఏళ్ల పాటు ఆ కుటుంబానికి అంతకు మించిన ఆస్తి లేదు. అప్పు తెచ్చి పునాది తీసి, గోడలు లేపి, స్లాబ్‌కు సెంట్రింగ్ కొట్టేనాటికి మున్సిపాలిటీ మనిషి వచ్చి గోడకు కాగితం అంటిస్తాడు. పట్టా చూపిస్తే ఆయన కాదనడు. "భూమి మీదే. కానీ ఇది చెరువు బఫర్‌లో ఉంది" అంటాడు. ఆ ఇంట్లో ఎవరూ బఫర్ అనే మాట అంతకుముందు విని ఉండరు.

భూమి మీద హక్కు వేరు, ఆ భూమిలో ఇల్లు కట్టుకునే అనుమతి వేరు. రెండింటినీ రెండు వేర్వేరు చట్టాలు, వేర్వేరు ఆఫీసులు చూస్తాయి. రెవెన్యూ ఆఫీసు ఇచ్చిన కాగితాన్ని పట్టణ ప్రణాళిక ఆఫీసు పట్టించుకోనక్కర లేదు. భూమి కోసం ఎన్నో పోరాటాలు చేసిన మన ఉద్యమాలు ఈ రెండో సంగతిని పెద్దగా పట్టించుకోలేదనే చెప్పాలి. పట్టా వచ్చిన రోజున జెండా ఎగరేసి ఇంటికెళ్లిపోయాం. ఆ తర్వాత మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరుకు ఏ రంగు పూశారో చూసినవాళ్లు తక్కువ. పునాది తవ్వకముందే ఎవరిని ఏమడగాలి, ఏ కాగితం చేతిలో ఉండాలి అన్నది కార్యకర్తలకు, విద్యార్థులకు ఒకచోట దొరకాలని ఈ వ్యాసం.

వాడ ఎక్కడుందో గుర్తు చేసుకుందాం

మన పల్లెల్లో మాలవాడ, మాదిగవాడ ఎక్కడుంటాయో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఊరికి దిగువన, చెరువు కట్ట కింద, వాగు పక్కన, శ్మశానం దగ్గర. మంచి మెరక భూమి ఊళ్లో వాళ్లది. ప్రభుత్వం ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు కూడా చాలాచోట్ల ఎవరికీ పనికిరాదనుకున్న జాగానే వెతికి ఇచ్చింది. తెలంగాణలో శిఖం అని, ఆంధ్రలో పోరంబోకు అని రాసిన నేల అంచునో, గుట్ట వాలులోనో, హైటెన్షన్ లైన్ కిందనో.

తర్వాత పట్టణం పెరిగి ఊరిని మింగింది. నీటి వనరులను కాపాడాలన్న నిబంధనలు వచ్చాయి. రావాల్సినవే, మాకు వాటితో పేచీ లేదు. కానీ ఆ గీతలు గీసేసరికి మొదట లోపల పడింది వాడే. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168ని తెలంగాణలో నేటికీ నిర్మాణ నిబంధనలకు ఆధారంగా వాడుతున్నారు. దాని ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్న చెరువు, కుంటలకు 9 మీటర్ల వరకు ఇల్లు కట్టకూడదు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువకు 9 మీటర్లు, అంతకన్నా సన్నని వాటికి 2 మీటర్లు వదలాలి. ఈ పట్టీలో మీ పట్టా భూమి ఉంటే హక్కు పోదు. సాగు చేసుకోవచ్చు, ఖాళీగా ఉంచుకోవచ్చు. ఇల్లు మాత్రం కుదరదు. చేతిలో ఉన్నదే రెండు గుంటలైన మనిషికి ఇది భూమి పోయినట్టే, కానీ కాగితం మీద పోయినట్టు ఎక్కడా ఉండదు కనుక నష్టపరిహారం అడగడానికి కూడా దారి దొరకదు.

రికార్డులో ఏమని రాసి ఉంది

మొదట వెళ్లాల్సింది తహసీల్దారు ఆఫీసుకు. ఆంధ్రలో గ్రామ సచివాలయానికి. "ఈ భూమి ఎవరిది?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. "ఈ సర్వే నంబరు వర్గీకరణ ఏమిటి?" అని అడగాలి. పట్టా భూమా, అసైన్డా, గ్రామకంఠమా, ప్రభుత్వ భూమా అన్నదాన్ని బట్టి తర్వాతి దారంతా మారిపోతుంది.

మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేది అసైన్డ్ భూమి. తెలంగాణలో లావుణి పట్టా అంటారు, ఆంధ్రలో డి-పట్టా, డీకేటీ పట్టా అంటారు. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం ఈ భూమిని అమ్మడాన్ని, కొనడాన్ని నిషేధించింది. వారసులకు మాత్రం వస్తుంది. ఎవరైనా కొనుక్కుని ఉంటే తిరిగి స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకు ఇప్పించే వీలూ ఆ చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2023లో సవరణ తెచ్చి, సాగు భూమి పొందిన అసలు అసైనీలకు 20 ఏళ్లు దాటితే అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఇది మేలా కీడా అన్నది మన సంఘాల్లోనే తేలని చర్చ. అప్పుల్లో ఉన్నవాడి చేతికి అమ్ముకునే హక్కు ఇస్తే భూమి ఎటు పోతుందో మాకు అనుమానమే.

ఇల్లు కట్టే విషయానికొస్తే, అసైన్డ్ భూమి ఎందుకు ఇచ్చారన్నది ముఖ్యం. సాగుకు ఇచ్చిన రెండెకరాల్లో ఒక మూలన పక్కా ఇల్లు కట్టి, ఇంకో మూలను ప్లాట్లుగా చేసి అమ్మితే అది షరతు ఉల్లంఘన. ప్రభుత్వం భూమినే వెనక్కి తీసుకోవచ్చు. ఇళ్ల స్థలంగా ఇచ్చిన పట్టాకు ఆ ఇబ్బంది లేదు. అయితే ఫలానా గడువులోగా ఇల్లు కట్టుకోవాలన్న షరతు దాని మీద తరచుగా ఉంటుంది. పట్టా వెనక పేజీని ఒకసారి చదివించుకోండి. చాలామంది ముందు పేజీ మాత్రమే జిరాక్స్ తీయిస్తారు, షరతులు ఉండేది వెనక.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. ఆ సర్వే నంబరు ఆ జాబితాలో ఉందా అన్నది రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లలోనూ ఉచితంగా చూసుకోవచ్చు. పట్నం శివార్లలో నోటరీ కాగితం మీద 60 గజాలు కొనుక్కునే కూలి కుటుంబాలు బయానా ఇవ్వకముందే చేయాల్సిన పని ఇది. ఫోన్ ఉన్న ఏ విద్యార్థి అయినా ఐదు నిమిషాల్లో చేసిపెట్టగలడు. వాడకొక విద్యార్థి ఈ ఒక్క పని చేసినా చాలా డబ్బు మునగకుండా ఆగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది మాత్రం పేరు దగ్గర. పట్టా తాత పేరున. తాతకు నలుగురు కొడుకులు. పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా పంచుకున్నారు. ఇప్పుడు మూడో కొడుకు కూతురు ఇల్లు కట్టుకుంటానంటే ఆమె పేరున ఏ కాగితమూ లేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం, విరాసత్ ఎక్కించడం, ఇవన్నీ అయ్యేసరికి ఏడాది పట్టొచ్చు. ఇల్లు మంజూరయ్యాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది. మంజూరు రాకముందే, ఇల్లు కట్టే ఆలోచన రాగానే ఈ పని పెట్టుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది. పట్టా ఇచ్చారు, జాగా చూపలేదు. కాగితం మీద ప్లాటు నంబరు ఉంటుంది, నేల మీద రాయి ఉండదు. అలాంటిచోట ఎవరో చూపించిన చోట ముగ్గు పోయొద్దు. మీ-సేవ ద్వారానో, తహసీల్దారుకో హద్దులు కొలవమని దరఖాస్తు పెట్టాలి. మండల సర్వేయర్ వచ్చి హద్దులు పెట్టాక ఆ పంచనామా నకలు అడిగి తీసుకోవాలి. పక్క పొలం ఆసామి రేపు "ఇది నా గట్టు" అన్నప్పుడు పనికొచ్చేది అదే.

పటంలో ఏ రంగు

రెండో ఆఫీసు పట్టణ ప్రణాళికది. హైదరాబాద్ చుట్టూ హెచ్ఎండీఏ, విశాఖ చుట్టూ వీఎంఆర్‌డీఏ, అమరావతిలో సీఆర్‌డీఏ, మిగతాచోట్ల ఆయా పట్టణాభివృద్ధి సంస్థలో, మున్సిపాలిటీలో, లేదా పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ జిల్లా అధికారి. మాస్టర్ ప్లాన్ అంటే ఒక పెద్ద రంగుల పటం. సాధారణంగా పసుపు నివాసానికి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు ప్రభుత్వ సంస్థలకు, ఆకుపచ్చ పార్కులకో, సాగుకో, పరిరక్షణకో. అడగాల్సింది భూవినియోగ ధ్రువపత్రం. సర్వే నంబరు రాసి, రుసుము కట్టి దరఖాస్తు పెడితే ఆ భూమి ఏ జోన్‌లో ఉంది, మీదుగా ప్రతిపాదిత రోడ్డు పోతుందా అన్నది రాతపూర్వకంగా ఇస్తారు. కిటికీ దగ్గర గుమాస్తా నోటితో చెప్పింది ఎంత నిజమైనా రేపు నిలవదు.

ఆ ప్రతిపాదిత రోడ్డు సంగతి ప్రత్యేకంగా చూడాలి. ఇవాళ్టి 20 అడుగుల బాటను ప్లాన్‌లో 60 అడుగులుగా గీసి ఉండొచ్చు. పెద్ద స్థలం ఉన్నవాడు కొంత వదులుకుని, దానికి బదులుగా నిర్మాణంలో సడలింపులు తీసుకుంటాడు. 70 గజాలున్నవాడికి వదలడానికి మిగిలేదేమీ ఉండదు.

హైదరాబాద్ పడమటి పక్క ఊళ్లవాళ్లకు 111 అనే నంబరు గురించి చెప్పనక్కర లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన ఆ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఆ గ్రామాల్లో ఫాంహౌస్‌లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు ఎలా లేచాయో శంకర్‌పల్లి, మొయినాబాద్ రోడ్డెక్కితే కనిపిస్తుంది. అదే నిబంధన పేరు చెప్పి వాడలో రెండు గదులకు పంచాయతీ అనుమతి లేదంటే ఏమనాలి? 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. అయినా ఏ జీవో వచ్చిందన్నది పత్రికలో చదివి ముగ్గు పోయకూడదు. మీ సర్వే నంబరుకు ఈ రోజున ఏది వర్తిస్తుందో కాగితం మీద తీసుకోండి.

జోన్ మార్చుకునే వీలు లేదా? ఉంది. భూవినియోగ మార్పిడి అంటారు. దరఖాస్తు పట్టణాభివృద్ధి సంస్థ నుంచి పురపాలక శాఖకు వెళ్తుంది, రుసుములుంటాయి, గెజిట్‌లో ముసాయిదా వేసి అభ్యంతరాలు అడుగుతారు. వెంచర్ వేసే కంపెనీకి ఇది రోజువారీ పని. ఒక్క ఇంటి కోసం ఒక్క కుటుంబం దీని వెంట తిరగడం అయ్యే పని కాదు. వాడ మొత్తం కలిసి, గ్రామసభ తీర్మానంతో, "మా వాడ ఇక్కడ ప్లాన్ కన్నా ముందు నుంచీ ఉంది, దీన్ని నివాస ప్రాంతంగా గుర్తించండి" అని అడగడం మాత్రం అయ్యే పనే. దానికి సాక్ష్యం కావాలి. పాత ఓటరు జాబితా, పాత కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రశీదులు, బడి రిజిస్టరు, గ్రామ నక్షాలో గ్రామకంఠం గీత. గ్రామకంఠం లోపల ఉన్న ఇంటికి చిక్కులు తక్కువ. చాలా ఊళ్లలో అసలు బాధ ఏమిటంటే ఊరు గ్రామకంఠం లోపల, వాడ బయట. అందుకే గ్రామ నక్షా నకలు ప్రతి సంఘం దగ్గరా ఉండాలంటాం.

అమరావతి చెప్పిన పాఠం

జోన్ అనే చిన్నమాట ఎంత పని చేస్తుందో తెలియాలంటే రాజధాని ప్రాంతంలో ఆర్-5 కథ చూడాలి. అమరావతి మాస్టర్ ప్లాన్‌లో నివాసానికి నాలుగు జోన్లుండేవి. 2022లో సీఆర్‌డీఏ చట్టాన్ని సవరించి, బయటి పేదలకూ ఇళ్ల స్థలాలిచ్చేందుకు ఐదోదిగా ఆర్-5 జోన్‌ను ప్రతిపాదించారు. 2023 మార్చిలో దాన్ని ఖరారు చేశారు. మందడం, ఐనవోలు, కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు పరిధిలో సుమారు 900 ఎకరాలు అందులోకి వచ్చాయి. భూములిచ్చిన రైతులు కోర్టుకెళ్లారు. తమతో చేసుకున్న ఒప్పందానికి ఇది విరుద్ధమని, ప్లాన్ మార్చే పద్ధతి ఇది కాదని వాళ్ల వాదన. పట్టాలు పంచవచ్చు గానీ అవి తుది తీర్పుకు లోబడి ఉంటాయని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మే 26న వెంకటపాలెంలో గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలకు సెంటు చొప్పున దాదాపు 50 వేల పట్టాలు పంచారు. ఆగస్టు 3న ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది.

ఎవరి వాదన సరైనదన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు. రాజధాని రైతుల్లో అసైన్డ్ భూములున్న దళితులున్నారు, సెంటు పట్టా అందుకున్నవాళ్లలోనూ దళితులున్నారు. మనం చూడాల్సింది పట్టా అందుకున్న ఆ తల్లిని. ఆమె చేతిలో ప్రభుత్వం స్వయంగా ఇచ్చిన కాగితం ఉంది. హక్కు మీద సంతకం ఉంది. అయినా జోన్ వివాదం తేలేదాకా అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టే వీల్లేకపోయింది. పట్టాల పంపిణీ సభకు మనవాళ్లను లారీల్లో తీసుకెళ్లే ఏ పార్టీ నాయకుడినైనా ఆ సభలోనే అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ భూమి ప్లాన్‌లో నివాస ప్రాంతమేనా? దీని మీద కోర్టులో ఏమైనా ఉందా?

ఒక్క రూపాయి అనుమతి

భూమి సాగు భూమిగా ఉంటే సాగేతరంగా మార్చుకోవాలి. 2006 నాటి చట్టం కింద నాలా అని పిలుచుకునేది ఇదే. తెలంగాణలో ఆన్‌లైన్‌లో అవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఈ చట్టాన్నే ఎత్తేసే దారి పట్టింది, కాబట్టి అక్కడివాళ్లు పాత రుసుముల లెక్కలు నమ్మకుండా సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. గ్రామకంఠంలో ఇంటికి, ఇళ్ల స్థలం పట్టాకు నాలా గొడవ ఉండదు.

పల్లెలో అయితే అనుమతి ఇచ్చేది మామూలుగా పంచాయతీయే. తెలంగాణలో 300 చదరపు మీటర్లలోపు స్థలం, 10 మీటర్లలోపు ఎత్తు అయితే అక్కడితో సరి, మించితే పట్టణ ప్రణాళిక శాఖ సాంకేతిక ఆమోదం కావాలి. మన ఇళ్లు ఆ కొలతకు ఎటూ దాటవు. ఆంధ్ర పట్టణాల్లో వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలవాలి. అక్కడ 2017లో వచ్చిన జీవో 119 నిబంధనలు నడుస్తాయి. ఇల్లు మంజూరైతే కొలతల విషయంలో జాగ్రత్త. తెలంగాణ ఇందిరమ్మ ఇంటికి 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మేస్త్రీ "ఇంకో గది వేసుకోండమ్మా" అంటాడు, బిల్లు ఆగేది మీది.

తెలంగాణ పట్టణాల్లో పరిస్థితి వేరు. 2019 మున్సిపాలిటీల చట్టం, 2020 టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 75 చదరపు గజాలలోపు స్థలంలో, కింద ఒకటి పైన ఒకటి అంతస్తు వరకు ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుని ఒక్క రూపాయి కడితే చాలు. ఇంటి పన్ను ఏడాదికి 100 రూపాయలు. 500 చదరపు మీటర్లలోపు, 10 మీటర్ల ఎత్తులోపు అయితే స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. లంచం అడిగే కిటికీ ఒకటి మూతపడిందన్నమాట. దీన్ని మేం మంచి మార్పనే అంటాం.

కానీ ఆ రూపాయి వెనక ఏముందో తెలియాలి. పాత పద్ధతిలో అధికారి వచ్చి చూసి కాదనేవాడు, ఇబ్బంది పెట్టేవాడు, ఏదో ఒకటి ముందే చెప్పేవాడు. ఇప్పుడు "ఇది ప్రభుత్వ భూమి కాదు, చెరువు భూమి కాదు, ప్లాన్‌కు విరుద్ధం కాదు" అని మీరే హామీ రాసిస్తున్నారు. ఆ రాత తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. అంటే తెలుసుకునే భారం ఆఫీసు నుంచి మీ నెత్తిమీదికి వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు గడియలో అన్ని గడుల్లోనూ టిక్ పెట్టేసి రశీదు చేతిలో పెడతాడు. ఆ రశీదు అనుమతి పత్రంలా కనిపిస్తుంది. ఇరిగేషన్ శాఖ లెక్కలో ఆ స్థలం ఎక్కడుందో ఎవరూ చూడలేదు. చెరువు, కుంట, వాగు కనుచూపు మేరలో ఉంటే ఆ రూపాయి కట్టేముందే పూర్తి నీటిమట్టం పటాన్ని చూడండి. హైదరాబాద్ పరిధిలో చాలా చెరువులకు ఆ పటాలు హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 2024 జులైలో హైడ్రా ఏర్పాటయ్యాక ఈ జాగ్రత్త మరీ అవసరమైంది.

ఒక పక్కమాట. వాడలో అంబేద్కర్ విగ్రహం పెట్టాలనుకునే యువకులు కూడా ఈ లెక్క వేసుకోవాలి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజా వినియోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. గొడవ పెట్టాలనుకునేవాళ్లు మొదట పట్టుకునేది ఆ ఉత్తర్వునే. కమ్యూనిటీ హాలు ఆవరణలోనో, సంఘం పేరున ఉన్న స్థలంలోనో, అనుమతి కాగితంతో పెడితే ఆ విగ్రహాన్ని కదపడం అంత తేలిక కాదు.

గీత గీస్తున్నప్పుడే

మాస్టర్ ప్లాన్ రాత్రికి రాత్రి చట్టం కాదు. ముందు ముసాయిదా వేస్తారు, పటాన్ని ఆఫీసులో పెడతారు, అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ ప్రకటన పత్రికలో ఏ మూలనో వస్తుంది. చదివేవాడు వాడలో ఉండాలి. కామారెడ్డిలో 2022 చివర్లో వచ్చిన ముసాయిదాలో చుట్టుపక్కల పల్లెల సాగు భూములను పరిశ్రమల జోన్‌లో చూపించారు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. రైతులు పల్లెపల్లెనా జేఏసీలుగా కూడి, కలెక్టరేట్ ముందు కూర్చుని, వందల అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అలాంటి ఆందోళనే నడిచింది.

ఆ ఉద్యమంలో ముందున్నది భూమి బాగా ఉన్న రైతులు. వాళ్లకు పటం చదివిపెట్టే లాయర్లున్నారు, ఇంజినీర్లున్నారు. మన వాడ మీదుగా 100 అడుగుల రోడ్డు గీస్తే ఆ పటం ముందు నిలబడి వేలు పెట్టి చూపించేవాడెవడు? సివిల్ ఇంజినీరింగ్, ప్లానింగ్, న్యాయశాస్త్రం చదువుతున్న మన పిల్లలు ఇప్పుడు ప్రతి జిల్లాలో ఉన్నారు. ముసాయిదా వచ్చిన రోజున వాళ్లు వాడకొచ్చి ఒక పూట కూర్చుంటే చాలు. అభ్యంతరం రాసేటప్పుడు సర్వే నంబరు, ఇళ్ల సంఖ్య, ఎప్పటి నుంచి ఉన్నారు, ఏ సాక్ష్యం ఉంది, ప్రత్యామ్నాయంగా రోడ్డు ఎటు మళ్లించవచ్చు, ఇంతే రాయాలి. ఆవేశం సభలో చూపిద్దాం. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపాలి.

కాగితాలు ఇవ్వకుండా తిప్పుకుంటే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రెండు రాష్ట్రాల నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లకార్డుంటే అదీ లేదు. మీ ఒక్క నంబరే అడక్కండి. అదే చెరువు బఫర్‌లో ఎన్ని నిర్మాణాలున్నాయి, ఎందరికి నోటీసులిచ్చారు, గత ఐదేళ్లలో ఆ మండలంలో ఎన్ని భూవినియోగ మార్పిడులకు అనుమతిచ్చారు అని కూడా అడగండి. నిబంధన అందరికీ ఒకటే అమలవుతోందా లేదా అన్నది ఆ జవాబులో తేలుతుంది. కోర్టులో వివక్ష గురించి మాట్లాడాలంటే ఆ జవాబే ఆధారం.

నోటీసు వచ్చాక

సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న ఇచ్చిన తీర్పు ప్రతి కార్యకర్త ఫోన్‌లో ఉండాలి. ముందస్తు నోటీసు లేకుండా కూల్చకూడదు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికీ అంటించాలి, కనీసం 15 రోజులు గడువివ్వాలి, ఇంటి యజమాని మాట స్వయంగా వినాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత మరో 15 రోజులు ఆగాలి, కూల్చివేతను వీడియో తీయాలి. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, నీటి వనరుల్లోని అనధికార నిర్మాణాలకు ఈ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. వాడలు ఎక్కడున్నాయో పైన చెప్పుకున్నాం. కాబట్టి మనవాళ్లలో చాలామంది మొదట నిరూపించుకోవాల్సింది తమ ఇల్లు నీటి వనరు లోపల లేదని. సర్వే, హద్దుల పంచనామా, భూవినియోగ పత్రం అప్పుడు అక్కరకొస్తాయి. పూర్తి నీటిమట్టం గీత తప్పుగా గీశారనిపిస్తే ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు కలిసి మళ్లీ కొలవాలని కోరుతూ జవాబు రాయాలి. గడువు దాటకముందే రాయాలి.

వాడ ఉన్న అసైన్డ్ భూమిని ప్రజావసరం పేరుతో తీసుకుంటే, "ఇది ప్రభుత్వం ఇచ్చిందే కదా, పరిహారం ఏమిటి" అంటారు. 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం దీన్ని తోసిపుచ్చింది. అసైన్డ్ పట్టాదారుకు కూడా ప్రైవేటు పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ పరిహారం ఇవ్వాలని చెప్పింది.

అధికారులు కాక ఊరివాళ్లే పని ఆపిస్తే, హద్దురాళ్లు పీకేస్తే, దారి మూసేస్తే అది ప్లానింగ్ సమస్య కాదు. దళితుల భూమి, ఇంటి మీద హక్కుల అనుభవానికి అడ్డుపడటం అట్రాసిటీ చట్టం 3(1)(జి) కింద నేరం. ఎస్సై సివిల్ తగాదా అని పంపేస్తుంటాడు. ఫిర్యాదులో ఆ సెక్షన్ నంబరు రాసి, పట్టా, పంచనామా నకళ్లు జత చేసి, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి.

లాయరుకు డబ్బులెక్కడివి అని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, చాలా తాలూకా కోర్టుల్లో మండల న్యాయసేవల కమిటీ ఉంటుంది. నోటీసు, పట్టా, కుల ధ్రువపత్రం నకళ్లు పట్టుకుని, నోటీసు అందిన తేదీ రాసిన కవరుతో సహా వెళ్లండి. గడువు లెక్క మొదలయ్యేది ఆ కవరు మీది తేదీ నుంచే.